వేదిక కింద నలుగురు

"నేను కిందికి దిగను మాస్టారూ" అంది కినుయె. అప్పటికే ముఖానికి తెల్లరంగు పూసుకుని, కిమోనో నడుం బిగించి కూర్చుంది. తెర తీయడానికి ఇంకా పావుగంటే ఉంది.

ఊరివాళ్లంతా సంఘం కట్టి కాపాడుకుంటున్న నూటపదేళ్ల చెక్క నాటకశాల అది. చలికాలమంతా ఊళ్లోవాళ్లకి ఉచితంగా ఆటా పాటా నేర్పి, చెర్రీలు పూసే వేళకి వాళ్లచేతే నాటకం వేయిస్తారు. మంగలి దుకాణం నడుపుకునే కినుయె అరవై రెండో ఏట చేరి, మోకాళ్లు అరిగేలా నాట్యం నేర్చుకుంది. ఇప్పుడేమో నాటకం నేర్పే సెగావా మాస్టారు వచ్చి, గుండ్రటి వేదికని కిందనుంచి తోసి తిప్పే నలుగురిలో ఒకాయనకి నడుం పట్టేసిందనీ, ఆ చోటుకి ఆమె వెళ్లాలనీ అంటున్నాడు.

"నేనే ఎందుకు?"

"మంచు నాట్యంలో పదమూడుమంది ఉన్నారు. ఒకరు తగ్గినా ఎవరికీ తెలియదు కినుయె గారూ."

చెంప ఛెళ్లుమన్నట్టయింది ఆమెకి. కిమోనో అంచు ఎగదోపుకుని మెట్లు దిగింది.

కింద చీకటి. టోఫూ చేసే ఇవావో, ఇంకో ఇద్దరూ దూలాలు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. పైన వీరుడు చచ్చిపోగానే కొయ్యచెక్కలు రెండుసార్లు కొడతారనీ, అది వినగానే తోసేస్తే వేదిక వెనకసగంలో కట్టిన మంచు మైదానం జనం ముందుకు వస్తుందనీ ఇవావో చెప్పాడు.

నాటకం మొదలైంది. నెత్తిమీద అడుగుల దడదడ. వీరుడి వేషం కట్టిన పళ్ల డాక్టరు నగాసె గారి గర్జనలకి దూలాలు అదిరాయి. ఎంత కోపంగా దిగినా కినుయెకి ఒళ్లు జలదరించింది.

టక్. టక్.

నలుగురూ తోశారు. కదల్లేదు. వానలకి చెక్క ఉబ్బిపోయింది. ఒకరు ముందు, ఒకరు వెనక, తలోదారిగా తోస్తున్నారు.

"అందరూ నా అడుగు వినండి" అంటూ కినుయె తను నేర్చుకున్న నాట్యం లెక్కలో నేలని తన్నింది. మూడో అడుగుకి నలుగురి బలమూ ఒక్కటైంది. వేదిక మూలిగి, కదిలి, గిర్రున తిరిగింది. పైన కప్పు ఎగిరిపోయేంత హోరు. ఇవావో ఆమెని పట్టుకుని గంతులేశాడు. అతని భుజమంతా తెల్లరంగైంది.

మాస్టారు మెట్లమీద జారుతూ వచ్చిపడ్డాడు. "ఎవరు తిప్పమన్నారు మిమ్మల్ని?"

"టక్ టక్ మంది కదండీ" అంది కినుయె.

"అది డాక్టరుగారి కత్తి నేలకి తగిలిన చప్పుడు. ఆయన ఇంకా చావలేదు."

ఆయన ఆఖరిమాటలు చెబుతూ చెబుతూనే అటు తిరిగి మాయమైపోయాడట. ఇటేమో పన్నెండుమంది ఆడవాళ్లు విగ్గులు సర్దుకుంటూ జనానికి దొరికిపోయారట. జనం నవ్వి నవ్వి లేచి నిలబడి, మళ్లీ తిప్పమని గోల చేస్తున్నారట.

కినుయె తల దించుకుంది. మాస్టారు చెమట తుడుచుకున్నాడు. రేపటి ఆటకి కిందికి ఇంకెవరినైనా పంపిస్తాననీ, ఆమె పైన నాట్యం చేయవచ్చనీ అన్నాడు.

కినుయె దూలాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"నాట్యం సంగతి తర్వాత చూద్దాం మాస్టారూ. రేపు డాక్టరుగారిని ఎంతవరకు చావనిచ్చి తిప్పమంటారు?"