పెంగ్విన్ కొట్టేసిన పేర్లు

ఒకానొక లైనక్స్ కంప్యూటర్ లోపల ఓ పెరడుంది. స్విచ్ పడగానే అక్కడ ఎవరెవరు లేవాలో జాబితా చూసి పిలవడం పెంగ్విన్ పని.

పాటల కోకిల, కబుర్ల చిలుక, వాన కబురు చెప్పే కప్ప, కొత్తగా ఎవరొచ్చినా "పెంగ్విన్ బావా, పొద్దున్నే నన్నూ లేపు" అని పేరు రాయించుకునేవారే. ఇక స్విచ్ పడితే చాలు, అందరూ ఒక్కసారే గుమ్మంలో ఇరుక్కుని, తోకలూ రెక్కలూ పెనవేసుకుని కుయ్యో మొర్రో! ఇంటావిడ కాఫీ తాగేసినా తెర వెలిగేది కాదు.

పెంగ్విన్‌కి తిక్కరేగి బొగ్గుముక్క అందుకుంది. "పని పడ్డప్పుడు పిలుస్తాలే, పడుకో" అంటూ కోకిల పేరు కొట్టేసింది. చిలుకని కొట్టేసింది. కప్పని కొట్టేసింది. అబ్బ, ఎంత సరదాగా ఉందో! గంతులేసుకుంటూ ఆఖరి పేరు దాకా వచ్చింది.

"మిణుగురా? వీడు ఏనాడూ నోరు విప్పిన పాపాన పోలేదు. వీడూ వద్దు!"

మర్నాడు స్విచ్ పడింది. పెంగ్విన్ ఒక్క గెంతులో గుమ్మం దాటింది. అడ్డం ఎవరూ లేరు, వెలుగూ లేదు. తెర వెలిగించేది మిణుగురే మరి!

"తమ్ముడూ, లేవరా!"

"జాబితాలో నా పేరు రాయి బావా, లేస్తా."

"ఈ చీకట్లో జాబితా కనబడి చస్తేగా!"