ఎర్ర దారం

నాహాతు గుడారం ముందు కూర్చుని కత్తి నూరుతున్నాడు.

పిండి పిసుకుతున్న తిమ్నా చేతులు ఆగిపోయాయి. కత్తి నూరడం పనివాళ్ల పని. తన భర్త సానరాయి ముట్టుకుని ఏళ్లయింది.

నిన్న కొండ దిగివచ్చినప్పటి నుంచి ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ కొండమీద ఆయన దేవుడితో మాట్లాడతాడని గుడారాల్లో అందరికీ తెలుసు. దేవుడు ఏమన్నాడో మాత్రం ఎవరికీ చెప్పడు. తెల్లారగానే కాపరులను పైకి పంపి, పాత బలిపీఠం రాళ్లు సర్దించాడు. గాడిదమీద కట్టెలు కట్టించాడు.

"పొట్టేలును పట్టించమంటారా?" అని అడిగింది తిమ్నా.

"అక్కర్లేదు. పెద్దవాడు నాతో కొండెక్కుతాడు. స్నానం చేసి రమ్మను."

తిమ్నా బావివైపు చూసింది. తాగడానికే నీళ్లు లేవు. బావి అడుగున బురద మిగిలింది. ఇప్పుడు స్నానం. బలికిచ్చేదాన్నే కదా కడిగేది.

కింద ఊళ్లో వానలు పడకపోతే తొలిచూలు కొడుకును తమ దేవుడికి ఇచ్చుకుంటారు. పోయిన నెల కుమ్మరివాడు ఇచ్చాడు. వాడి పెళ్లాం ఇంకా వీధిలో కూర్చుని ఒళ్లో గుడ్డమూట ఊపుతోంది. తిమ్నా కళ్లారా చూసింది.

"మన దేవుడు అలాంటివాడు కాదు" అని నాహాతు చాలాసార్లు అన్నాడు. అవి బావిలో నీళ్లున్న రోజులు.

ఆ ఇంట్లో పెద్దవాడంటే ఇత్రాను. తిమ్నా కొడుకు. వాడి మణికట్టుమీద ఎర్ర దారం ఉంది.

నాహాతు భార్యలిద్దరూ ఒకే తెల్లవారుజామున, పక్కపక్క గుడారాల్లో కన్నారు. మంత్రసాని ఒక్కతే. దారిన పోయే బిడారులోని మనిషి. ముందు పుట్టిన బిడ్డ చేతికి ఎర్ర దారం కట్టి, రెండో గుడారంలోకి పరుగెత్తింది. పని కాగానే ఒంటెలతోపాటు వెళ్లిపోయింది. అందరూ లేచి చూసేసరికి దారం తిమ్నా బిడ్డ చేతికి ఉంది.

సవతి మహలతు ఆ రోజు నోరు తెరిచింది. ఇప్పటికీ మూయలేదు.

"నేను ఒళ్లు తెలియకుండా పడి ఉంటే, ఈ దొంగది నా బిడ్డ చేతి దారం విప్పి తన బిడ్డకు కట్టుకుంది. దేవుడు చూడలేదనుకుందా? ఎప్పటికైనా దాని నోటితోనే చెప్పిస్తాడు."

గుడారాల్లో సగం మంది నమ్మారు. నాహాతు మాత్రం, దారం ఎవరి చేతికుంటే వాడే పెద్దవాడని ఊరుకున్నాడు.

ఇప్పుడు మహలతు తన గుడారం ముందు నిలబడి ఉంది. కట్టెలు చూసింది. కత్తి చూసింది.

"ఏం చెల్లీ," అంది. "ఈ రోజు నేను గొడవపడనులే. నీ పెద్దరికం నువ్వే ఉంచుకో."

ఇత్రాను తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, నాయన నన్నొక్కడినే తీసుకెళ్తున్నారట! ఈ దారం నలిగిపోయింది. కొత్త పోగు కలిపి ముడి వెయ్యవా?" చెయ్యి చాపాడు. "ఎందుకలా వణుకుతున్నావు?"

"చలి."

"ఇంత ఎండలోనా?"

ఒక్క మాట చాలు. ఆ మాట అంటే బతికినన్నాళ్లూ దొంగ అనిపించుకోవాలి. హోరాము కొండెక్కాలి. మహలతు కొడుకు. నిన్ననే "పిన్నీ, నువ్వు మొయ్యకు" అంటూ ఆమె భుజంమీది నీళ్లతిత్తి అందుకున్నాడు.

తిమ్నా ఆ తలపును పక్కకు నెట్టేసింది. వెళ్లి నాహాతు కాళ్లమీద పడింది.

"వీడు పెద్దవాడు కాదు. దారం నేనే మార్చాను. అక్క చెప్పిందే నిజం. పెద్దవాడు హోరాము."

నూరుతున్న చప్పుడు ఆగింది.

"అబద్ధం!" మహలతు అరుచుకుంటూ వచ్చింది. "నమ్మకండి! భయంతో అబద్ధమాడుతోంది. దారం దాని కొడుకుదే!"

"ఇన్నేళ్లూ చెప్పింది ఎవరక్కా?" అంది తిమ్నా తల ఎత్తకుండా. "నువ్వే కదా."

నాహాతు కత్తి పక్కన పెట్టాడు. "నా తొడ కింద చెయ్యి పెట్టి ఒట్టు వెయ్యి," అన్నాడు.

వాళ్లలో అంతకు మించిన ఒట్టు లేదు. తిమ్నా వేసింది.

నాహాతు నూరిన కత్తితో ఇత్రాను మణికట్టుమీది దారం తెంపాడు. హోరాము చేతికి కట్టాడు. మహలతు దుమ్ములో పడి దొర్లింది. తండ్రీకొడుకులు గాడిదను తోలుకుంటూ కొండెక్కారు.

తిమ్నా కొడుకును గుడారంలోకి లాగి తెర దించింది. గట్టిగా పట్టుకుంది. వాడు విదిలించుకున్నాడు.

"దొంగతనం చేశావా అమ్మా?"

ఆమె తెర సందులోంచి బయటికి చూసింది. కొండమీద పొగ లేచింది. చెవులు మూసుకుంది.

పొద్దు వాలేవేళ కేకలు వినిపించాయి. ఏడుపులు కావు. తెర తీసి చూసింది.

కాపరులు కాల్చిన పొట్టేలు మాంసం మోసుకొస్తున్నారు. తెల్లారి వెళ్లేటప్పుడే పొట్టేలును తోలుకెళ్లారట. వాళ్ల ముందు నాహాతు. నాహాతు ముందు హోరాము. తలమీద పోసిన నూనె చెంపలమీదికి కారుతోంది. చేతిలో తండ్రి కర్ర.

"నాకు ఎక్కువ రోజులు లేవని దేవుడు చెప్పాడు," అన్నాడు నాహాతు. "మందలూ గుడారాలూ ఇక పెద్దవాడివి. దీవించేశాను. ఇచ్చిన దీవెన వెనక్కి రాదు."

మహలతు కొడుకు మెడ కరుచుకుని ఏడుస్తూనే నవ్వింది. "చూశారా! దాని నోటితోనే చెప్పించాడు!"

ఇత్రాను తల్లివైపు చూడలేదు. వెళ్లి హోరాము ముందు తల వంచి నిలబడ్డాడు. దారం పోయిన చోట మణికట్టుమీద ఎండ ఎరగని తెల్లటి గీత ఉంది.

తిమ్నా నోరు తెరిచింది. మూసుకుంది.

ఆ తెల్లవారుజామున మంత్రసాని దారం కట్టింది ఇత్రాను చేతికే.