రెండో మీటింగ్

హాజిరా జోకు వేసి నిమిషం దాటింది.

అప్పుడు ఎవరూ నవ్వలేదు. ఇప్పుడు ముసలమ్మలంతా కిసుక్కున నవ్వారు. అదీ ఆమెను చూసి కాదు, వాళ్ల మధ్య కూర్చున్న పిచ్చయ్యను చూసి.

హాజిరాకు ఒళ్లు మండిపోయింది.

ఆమెది ఖమ్మం. నాన్నది బట్టల కొట్టు. చింతపండు, ఇప్పపువ్వు కొనే ఒక సంస్థలో మీటింగులు నడిపే ఉద్యోగం ఆమెది. భద్రాచలం దాటాక అడవి లోపల ఉన్న గూడేల ఆడవాళ్లను నెలకోసారి కూడేసి, మాట్లాడించి, తీర్మానం రాయించాలి.

దానికోసం హైదరాబాద్‌లో పదిరోజులు ట్రైనింగ్ కూడా అయింది. అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టాలి. ఒక్కరే మాట్లాడేలా చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, మీటింగులో రెండో మీటింగ్, అంటే పక్కవాళ్లతో ముచ్చట్లు, నడవనివ్వకూడదు.

మొదటి రెండు నెలలు ఒక్క చెయ్యీ లేవలేదు. మూడో నెల నుంచి టకటకా లేవసాగాయి. అంతా తన ట్రైనింగ్ మహిమే అనుకుంది హాజిరా.

ఆ మూడో నెలలోనే పిచ్చయ్య ఊడిపడ్డాడు. ఎవరు పిలిచారో తెలీదు. ఈ అడవి రూట్లో ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడట. భద్రాచలంలో ఒక్కడే కిరాయి గదిలో ఉంటాడట. టికెట్లు కొట్టినాయనకు మీటింగులతో ఏం పనో!

అతను గుమ్మంలోకి రాగానే ముసలమ్మలు జరిగి చోటిస్తారు. ఒకామె కొంగుముడి విప్పి ఇప్పపువ్వు లడ్డూ చేతిలో పెడుతుంది. ఏడాదిగా తిరుగుతున్న హాజిరాకు దక్కేది గ్లాసెడు మంచినీళ్లు.

ఇక మీటింగ్ మొదలైతే అతని పెదవులు ఆగవు. ఒకటే గుసగుస. ముసలమ్మల చెవులన్నీ అటే.

ఈర్ష్య అని ఒప్పుకోవడానికి ఆమెకు నామోషీ. క్రమశిక్షణ అని పేరు పెట్టుకుంది.

ఇవాళ మీటింగ్ ముగిశాక అతన్ని పక్కకు పిలిచింది.

"పెద్దాయనా, నేను మాట్లాడుతుంటే మీరు ఆగకుండ ఏంది ముచ్చట్లు?"

"అదిగాదు బిడ్డా, వీళ్లకు..."

"వీళ్లకు ఏం కావాల్నో నాకు తెలుసు. వచ్చే నెల హైదరాబాద్ నుంచి పెద్దసార్ వస్తుండు. ఇంక మీరు రావొద్దు."

పిచ్చయ్య భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

"నీకు గట్ల మంచిగనిపిస్తే సరే బిడ్డా."

చెప్పులేసుకుని రోడ్డు వైపు నడిచాడు. అతను బస్సెక్కేదాకా చూసి హమ్మయ్య అనుకుంది హాజిరా.

పెద్దసార్ రాక మామూలు విషయం కాదు. చింతపండు గింజ తీసే మిషన్ ఒకటుంది. అది వస్తే ఈ ముసలమ్మలు రోజంతా రాయి పట్టుకుని గింజ కొట్టే బాధ తప్పుతుంది. హాజిరా కొలువూ పర్మినెంట్ అవుతుంది. కాకపోతే మిషన్ కావాలనీ, తామే నడుపుకుంటామనీ ఆడవాళ్లు తమ నోటితో చెప్పాలి.

ఆ రోజు రానే వచ్చింది. సంఘం లీడర్ శ్యామల గది అంతా కలియజూసింది.

"తాత ఏడి మేడం?"

"రాడు. కూర్చో."

హాజిరా గంటసేపు అద్భుతంగా మాట్లాడింది. గుసగుస లేదు, పక్కచూపు లేదు. ఇన్నాళ్లకు అందరి కళ్లూ తన మీదే ఉన్నాయి. ఆమె ముఖం వెలిగిపోయింది.

"బాగా చెప్పిండ్రు," అన్నాడు పెద్దసార్ కిషన్‌లాల్. "ఇప్పుడు వాళ్లను మాట్లాడనీయండి."

శ్యామల లేచింది. సార్ చెయ్యెత్తి ఆపాడు.

"మీరు ఆగండమ్మా. ఎప్పుడూ లీడర్లే చెప్తరు. ఆ పెద్దామె చెప్పాలె. అవ్వా, మిషన్ కావాల్నా?"

"అవ్," అంది ముసలమ్మ.

"మీరే నడుపుకుంటరా?"

"అవ్."

కిషన్‌లాల్‌కు ఎందుకో అనుమానం వచ్చింది.

"నడపలేరా?"

"అవ్."

"అయితే మిషన్ వద్దా?"

"అవ్," అని ముసలమ్మ నిండుగా నవ్వింది.

శ్యామల మళ్లీ లేవబోయింది. లీడర్ కల్పించుకుంటే మార్కులు పోతాయని హాజిరానే కళ్లురిమి కూర్చోబెట్టింది.

ఇంకో నలుగురిని అడిగాడు సార్. అదే నవ్వు, అదే అవ్.

ఆయన ఫైలు మూసేశాడు.

"ఏడాది నుంచి వీళ్లకు ఏం చెప్తున్నరు హాజిరా? మిషన్ పెనుబల్లి సంఘానికిద్దాం."

జీపు వెళ్లిపోయింది. హాజిరాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆ ఏడుపంతా పిచ్చయ్య మీద కోపంగా మారింది.

"ఇదంతా ఆ ముసలాయన నేర్పిన పనే! పోయి పిలుచుకరా శ్యామలా, ఇయ్యాల తేల్చుకుంట."

"తాత ఏడున్నడు మేడం? మొన్ననే రూము ఖాళీ చేసి వైరాల ఉండే బిడ్డ దగ్గరికి పోయిండు. ఇంక ఈడ నాకేం పనుంది అన్నడు."

"పోతడు పోతడు! ఇన్నాళ్లు నా మీటింగుల కూర్చొని వీళ్ల చెవులల్ల ఏం ఊదిండో అది చెప్పు!"

శ్యామల అయోమయంగా చూసింది.

"మీరు చెప్పిందే మేడం. అవ్ అన్న ఒక్క ముక్క తప్ప మా పెద్దోళ్లకు తెలుగు ఏడొస్తది? 'మేడం మాటలు మంచిగుంటయి, ఒక్కటి గూడ కింద పడొద్దు' అనుకుంట అన్నీ కోయ మాటల్ల చెప్పేటోడు. ఆయన మీరు పెట్టుకున్న మనిషే గాదా?"