వేడెక్కితే ఆగిపోయే కారు

"ఇదేనా సార్ నా బండి?"

పొగమంచులో నిలబడి దేన్నో తలుచుకుంటున్న పరీక్షాధికారి ఉలిక్కిపడ్డాడు. షెడ్డు వాకిట్లో తెల్ల కారు బానెట్ ఎత్తి ఉంది. ఆయన ఒకసారి షెడ్డు లోపలికి చూశాడు, ఒకసారి కారు వంక చూశాడు, కళ్ళజోడు తీసి తీరిగ్గా తుడుచుకున్నాడు.

"ఇదే. కానియ్."

అలా అడిగిన అమ్మాయిని మెకానిక్ శిక్షణ కేంద్రంలో అందరూ టాక్సీ పిల్ల అంటారు. నాన్న టాక్సీ వెనక సీట్లో, ఇంజిన్ చప్పుడే జోలపాటగా పెరిగిన పిల్ల మరి. ఈ పరీక్ష ఇప్పటికి రెండుసార్లు తప్పింది. ఇవాళ గట్టెక్కితే సోమవారం నుంచి బస్సు డిపోలో ఉద్యోగం. తప్పిందా, ఆ ఉద్యోగం ఇంకొకరిది.

పరీక్ష పద్ధతి పాతదే. కారులో ముందుగానే ఏదో ఒక లోపం పెట్టి ఉంచుతారు. నలభై ఐదు నిమిషాల్లో అదేమిటో పట్టుకుని బాగుచెయ్యాలి. పరీక్షాధికారి కస్టమర్ వేషం కడతాడు. అడిగినదానికి కస్టమర్‌కి తెలిసినంతే చెబుతాడు, ఆపైన పెదవి విప్పడు. ఈయన ఆ వేషంలో మరీ ముక్తసరి అని ముందు వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పారు.

"చెప్పండి సార్, బండికేమైంది?"

"ఏమవలేదో అడుగు!" ఆయన ఒక్కసారిగా అందుకున్నాడు. "పొద్దున్నే బంగారంలా కదుల్తుంది. అరగంట తిరిగి ఇంజిన్ వేడెక్కిందో, నడిరోడ్డు మీద ఠక్కున ఆగిపోతుంది. కాసేపు బతిమాలితే మళ్ళీ లేస్తుంది. ఒకడు బ్యాటరీ మార్చాడు. ఇంకొకడు ప్లగ్గులు మార్చాడు. మూడోవాడు ట్యాంకు కడిగి దణ్ణం పెట్టాడు. మా ఆవిడైతే ఈ కారెక్కనని ఒట్టేసుకుంది."

ముక్తసరి అన్నదెవరో గానీ, వేషం మాత్రం రక్తి కట్టిస్తున్నాడు అనుకుంది ఆమె.

లోపాలు చదివే స్కానర్ తగిలించి చూసింది. ఏ లోపమూ నమోదై లేదు. తాళం తిప్పితే ఇంజిన్ బుద్ధిమంతురాలిలా లేచి కూర్చుంది. ఆమెకి కడుపు మండింది. మిగతావాళ్ళందరికీ ఊడిన వైరో, పీకిన ఫ్యూజో. తనకి మాత్రం ఉండీ లేనట్టుండే జబ్బు. ఆడపిల్లననే కదా?

"ఇంత కష్టమైంది నాకే ఎందుకిచ్చారు సార్?"

ఆయన ముఖం పక్కకి తిప్పుకున్నాడు. "అలా వచ్చింది... ఏం చేస్తాం."

కిందటిసారి తొందరపడి, పరీక్షించకుండానే ఓ భాగం మార్చేసి తప్పింది. ఈసారి ఆ పొరపాటు చెయ్యదు. జబ్బు వేడిలో ఉందంటే వేడెక్కేదాకా ఆగాల్సిందే. ఇంజిన్ నడవనిచ్చి డ్రైవర్ సీట్లో కూర్చుని కళ్ళు మూసుకుంది. బయట మంచు అద్దాల్ని ఒక్కొక్కటే చెరిపేసింది. షెడ్డు పోయింది, గోడ పోయింది, పరీక్ష కూడా ఎటో పోయింది. వెనక సీట్లో ఒక చిన్నపిల్ల ముడుచుకుని పడుకుని ఉంది. ముందు నాన్న భుజాలు. ఎటు వెళ్తున్నారో తెలీదు, తెలియక్కర్లేదు. ఆ చప్పుడు ఉన్నంతసేపూ ఏ భయమూ లేదు.

చప్పుడు ఆగింది.

ఆమె కళ్ళు తెరిచింది. నలభై నిమిషాలైపోయాయి.

"సార్, మీరిటొచ్చి తాళం తిప్పుతూ ఉండండి. ఆ ముల్లు చూడండి, ఇంజిన్ తిరుగుడు చూపించేది. కదుల్తోందా?"

"ఊహూ. సున్నా దగ్గరే ఉంది."

ఆమె గుడ్డ చన్నీళ్ళలో ముంచి పిండి, ఇంజిన్ కింది వైపు బొటనవేలంత ఉన్న నల్లటి భాగం మీద కప్పింది. రెండు నిమిషాలు ఆగింది.

"ఇప్పుడు తిప్పండి."

ముల్లు లేచింది. ఇంజిన్ కూడా లేచింది. ఆయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు.

"క్రాంక్ సెన్సర్ సార్. ఇంజిన్ లోపలి ఇరుసు తిరుగుతోందని బండి కంప్యూటర్‌కి కబురు చెప్పేది ఇదే. వేడెక్కితే దీనికి నోరు పడిపోతోంది. ఇంజిన్ తిరగట్లేదనుకుని కంప్యూటర్ అన్నీ ఆపేస్తోంది. కొత్తది కావాలి."

"ఎదురు షాపులో ఉంటుంది. నేను తెస్తా!"

అంత పెద్దాయన మంచులో పరుగెత్తాడు. ఆమెకి ఆశ్చర్యంగానే ఉంది, కానీ మనసంతా గడియారం మీద ఉంది. గడువు దాటిపోతోంది. డిపో ఉద్యోగం పోయినట్టే. అయినా పని సగంలో వదల్లేకపోయింది. ఆయన తెచ్చాక పాతదాని బోల్టు విప్పి, చోటు శుభ్రంగా తుడిచి, కొత్తది బిగించి, దాని వైరు ప్లగ్గు క్లిక్కుమనేదాకా నొక్కింది. ఇంజిన్ మళ్ళీ నడిచింది. వేడెక్కింది. ఇంకా వేడెక్కింది. ఆగలేదు. ఆ చప్పుడు వింటూ ఆమె బానెట్ దించింది.

ఆయన జేబులోంచి కాగితం తీసి బానెట్ మీద పెట్టి సంతకం చేశాడు. పాస్. ఆమెకి కళ్ళనీళ్ళు ఆగలేదు.

"సార్, టైము దాటింది కదా?"

"ఏ టైము?" అన్నాడాయన కలలో ఉన్నట్టు. స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. తెల్ల కారు మంచులోకి మెత్తగా జారిపోయింది.

కాగితం గుండెకి అదుముకుని ఆమె షెడ్డులోకి వచ్చింది. లోపల కాపలాదారు బాబాయ్ ఓ నీలం కారుకి ఆనుకుని ఆవులిస్తున్నాడు.

"ఎక్కడికి పోయావే అమ్మాయీ? పొద్దున్నే దీని ఫ్యూజు పీకి, గంటన్నరగా నీకోసం కాచుక్కూర్చున్నా. ఆఖరి నంబరు నీదేగా?"

"నా పరీక్ష అయిపోయింది బాబాయ్. బయట తెల్ల కారిచ్చారుగా."

బాబాయ్ గేటు వైపు చూసి బుగ్గలు నొక్కుకున్నాడు.

"అది సారు సొంత కారమ్మా!"