రెండక్షరాల మాట

వట్లూరు కాలేజీలో ఇంగ్లీషు చెప్పే ప్రసన్నలక్ష్మి అప్పటికి నాలుగు సంబంధాలు వద్దంది. ఐదో పెళ్ళిచూపులకు ముందే, "ఈసారి నీ నోటితో కాదనకూడదమ్మా" అని నాన్న మాట తీసుకున్నాడు.

సరే, ఆ మాటేదో అబ్బాయి నోటితోనే అనిపించాలనుకుంది.

ఉండిలో చేపల చెరువులు చూసుకునే గోపీచంద్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. చుట్టూ పెద్దవాళ్ళు.

"ఎన్, ఓ. ఈ రెండక్షరాలూ ఉన్న ఇంగ్లీషు మాటలు చెప్పండి" అంది ఆమె.

"పాండ్," అన్నాడతను. "ఆనియన్. మూన్. హనీమూన్."

పెద్దవాళ్ళు పకపకా నవ్వారు. ఆమె నవ్వలేదు.

"అంత పెద్దవి వద్దండీ. అచ్చంగా ఆ రెండక్షరాలే ఉన్నది చెప్పండి."

గోపీచంద్ ఒక్క క్షణం ఆమె వంక చూశాడు.

"ఆన్," అన్నాడు.

"మా అమ్మాయిని ఓడించేశారండీ!" అంటూ నాన్న స్వీట్లు తెమ్మని కేకేశాడు.

కాసేపటికి అతను చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చాడు. తువ్వాలు పట్టుకుని వెనకే వెళ్ళిన ప్రసన్నలక్ష్మి మెల్లగా అడిగింది.

"ఆ ఇంకో మాట మీకు నిజంగా తట్టలేదాండీ?"

"తట్టకపోవడమేంటండీ! అది చెప్పి వెళ్ళిపోదామనే ఇంటి దగ్గర బయల్దేరాను. మీరు ఆ అక్షరాలిచ్చేసరికి మనసు మారింది. మీకిష్టం లేకపోతే చెప్పండి, నేనే కాదన్నానంటాను. మీ మాట పోదు."

ప్రసన్నలక్ష్మి తువ్వాలు అందించింది.

"తొందరేం లేదండీ," అంది నవ్వు ఆపుకుంటూ. "ఆదివారం రండి. ఈసారి అక్షరాలు మీరివ్వండి."