పెరటాసిలో గుడ్డు

"ఈపొద్దు కూడా కీమో లేదమ్మా. మీ ఆయనకు రక్తం తక్కువుండాది, బరువూ తగ్గినాడు. వారం ఆగి రండి," అంది నర్సు రూపశ్రీ.

సుబ్బులమ్మ చీటీలన్నీ సంచిలో పెట్టుకుంది.

మొగుడు జయరామ్‌కు పెద్దపేగు క్యాన్సరు. ఆపరేషనయింది. పన్నెండు కీమోలు పడాల, నాలుగే పడినాయి. అయిదోదానికి పుత్తూరు నుంచి తిరుపతికి కాళ్ళరిగేలా తిరగడమే సరిపోతా ఉండాది.

ఉసూరుమంటా బెంచీ మీద కూలబడింది.

పక్కన గుండుతో ఒకామె. కొండకు పోయి తలిచ్చొచ్చిందేమోలే అనుకుంది.

"మీ ఆయన ఏం తింటాడమ్మా?" అడిగిందామె.

"పెరటాసి నెల కదక్కా, సామి నెల. నీసు ముట్టం. ఇంత పప్పన్నం. శనివారాలు ఒక్కపొద్దు."

"సీకూ జబ్బూ లేనోళ్ళు ఉండాల ఒక్కపొద్దులు! డాక్టరు గుడ్డు పెట్టమన్లేదా?"

ఆమె సంచిలోంచి డబ్బా తీసింది. ఉడికించిన గుడ్లు.

"ఇందా, పెట్టు."

సుబ్బులమ్మకు ఒళ్ళు మండింది.

"సామికి తలిచ్చి, పెరటాసిలో గుడ్లు పట్టుకోని తిరగతావా? భయం లేదా నీకు? పో ఆ పక్కకు!"

ఆమె డబ్బా మూసుకుని ఇంకో బెంచీకి పోయింది. ఆడున్న ముసలాయన్నీ అదే అడుగుతా ఉండాది.

మరుసటి వారమూ వెనక్కి పంపినారు.

"ఇట్ల ఆలస్యం చేస్తే జబ్బు మళ్ళీ తిరగబెడుతుంది. తిండి పెట్టండమ్మా ఆ మనిషికి," అని డాక్టరు గట్టిగా కసిరినాడు.

సుబ్బులమ్మ ఇంటికి పోతానే గుడ్లు ఉడకేసింది.

"సామి ఏమనుకుంటాడే?" అన్నాడు జయరామ్.

"సామికి నేను చెప్పుకుంటాలే. నువ్వు తిను."

పూటపూటా పెట్టింది. రెండు వారాలకు అయిదో కీమో ఎక్కించినారు.

హమ్మయ్య అనుకుంది గానీ అలుపు తీరలేదు. ఇంకా ఏడుండాయి. అంత అలుపులోనూ ఆ గుండామె మాటే మనసులో మెదిలింది. నోటికొచ్చినట్టు తిట్టిపోస్తినే! కనపడితే చేతులు పట్టుకుని తప్పయిందని చెప్పాల.

బెంచీలన్నీ వెతికి, రూపశ్రీ దగ్గరికి పోయింది.

"గుడ్లు పంచతా ఉంటుందే, ఆయక్క యాడమ్మా? ఈడ పనిచేస్తుందా?"

రూపశ్రీ చేతిలో ఫైలు పక్కన పెట్టింది.

"మునిలక్ష్మక్కా? పోయినేడు పెరటాసంతా ఒక్కపొద్దులుండి మూడుసార్లు కీమో తప్పిపోయిన మా పేషెంటే ఆమె. జబ్బు తిరగబెట్టి మొన్న శనివారం చనిపోయింది."