పద్నాలుగో నంబరు నల్లా

కూల్చేసిన క్వార్టర్లలో పద్నాలుగో నంబరు ఇంటి నల్లా ఒక్కటే మిగిలింది. నీళ్లు వాడేవాళ్లను వెతుక్కుంటూ మట్టిలో పాకే పైపులు వచ్చాక లైను మార్చడానికి తవ్వకాలు లేవు. పాత ఇంట్లో వాడకం ఆగితే పైపు దానంతటదే కొత్త చోటికి మళ్లుతుంది. పక్క వీధి ఆసుపత్రిలో పొద్దుటినుంచి చుక్క నీరు లేదు. అక్కడికి మళ్లాల్సిన ఈ పైపేమో ఇక్కణ్ణించి కదలనంటోంది.

లైన్‌మన్ జంగయ్యకు కాలు ఒకచోట నిలవడం లేదు. పది నిమిషాలకోసారి నల్లా తిప్పి చూస్తున్నాడు. నీళ్లు వస్తూనే ఉన్నాయి.

"ఎవరో వాడుతున్నట్టు చూపిస్తుందన్నా," అంది ఇంజనీరు స్వరూప, చేతిలోని తెర చూస్తూ.

"ఇల్లే లేదు, ఎవరు వాడ్తరు మేడం?" అంటూ మళ్లీ తిప్పాడు.

స్వరూప అతని చేతివైపు చూసింది. "నువ్వేనన్నా! నువ్వు తిప్పినప్పుడల్లా ఇంట్ల మనుషులున్నరనుకుంటుంది పైపు."

ఆగిందో లేదో తిప్పి చూడకుండా ముప్పై ఏళ్లలో అతను ఏ లైనూ వదిలింది లేదు. చేతులు చంకల్లో బిగించుకుని గంటసేపు అటూ ఇటూ తిరిగాడు.

ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది, నీళ్లొచ్చాయని. స్వరూప ఊపిరి పీల్చుకుని వెనక్కి తిరిగేసరికి జంగయ్య చెయ్యి నల్లా మీదుంది.

"అన్నా!"

"ఒక్కసారి మేడం. ఇక్కడ ఆగిందో లేదో చూస్త."